అద్దం మీద ఈగ

మేడమీది వాటా ఆవిడ నీళ్ళ పంపు దగ్గర నలుగురిలో అందట: కింది వాటా రాళ్ళాయనకి ఈమధ్య బుర్ర కదిలిందనీ, ఆ పొద్దునే కిటికీ దగ్గర నిలబడి, ఒక కన్ను మూసుకుని, అద్దం మీద వాలిన ఈగని పావుగంటసేపు చూశాడనీ, అది చాలక పెళ్ళాన్ని కూడా పిలిచి చూపించాడనీ, ఆవిడ కూడా ఒక కన్ను మూసుకుని చూసిందనీ. ఆ చివరి ముక్కకి పంపు దగ్గర బిందెలు పక్కన పెట్టి మరీ నవ్వారట.

ఆ మాట రెండిళ్ళు తిరిగి రాత్రయ్యేసరికి ఆయన భార్య చెవిన పడింది. ఆవిడ ఇవాళ తెల్లవారుజామున భోజనం డబ్బా మూత బిగిస్తూ దాన్ని ఆయన చెవిన వేసింది. ఇప్పుడాయన భూగర్భశాస్త్ర విభాగంలో తన గదిలో, గాజు దిమ్మ మీద రాతిముక్కను అంకె ఎనిమిది చుట్టినట్టు తిప్పుతూ అరగదీస్తూ, దాన్నే నెమరేసుకుంటున్నాడు. నవ్వితే నవ్వారు. కనీసం వాళ్ళు విన్నారు.

గది పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. ఒక మూల రాతిని కోసే రంపపు చక్రం. దాని పక్కన వేడిపలక, రెండు జిగురు సీసాలు. కిటికీ కింద కడిగే తట్ట. మిగతా చోటంతా బూడిదరంగు పొడి. గోడకి, కుర్చీకి, గడియారం ముళ్ళకి, ఆయన కనుబొమలకి కూడా అదే రంగు. ముప్ఫై రెండేళ్ళుగా ఒకే వైపుకి వంగి అరగదీయడం వల్ల కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్ళు కిందికి దిగింది. చొక్కా ఏది తొడిగినా కుడిచెయ్యి పొడుగైనట్టే కనిపిస్తుంది. చేతివేళ్ళ కొసలు మాత్రం నున్నగా మెరుస్తుంటాయి. పొడీ నీళ్ళూ కలిసి రాతితో పాటు వాటినీ అరగదీశాయి.

ఆయన పని చెప్పుకోవడానికి తేలిక, చెయ్యడానికి కష్టం. రాతిని బిళ్ళలా కోసి గాజుపలకకి అంటించాలి. అంటించిన దాన్ని వెలుగు అటునుంచి ఇటు వచ్చేదాకా అరగదీయాలి. మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడు చకుముకి రాయి పలుకులు పసుపు నుంచి బూడిదరంగుకి తిరిగితే ఆపెయ్యాలి. అక్కడ ఆపకుండా మరో పది చుట్లు తిప్పితే రాయి ఉండదు, నీళ్ళల్లో కలిసిపోతుంది. ఆ పది చుట్లకి ముందు ఆపడమే ఆయన ఉద్యోగం. కొలబద్ద అక్కర్లేదు. చప్పుడుతోనే తెలుస్తుంది. గరగర తగ్గి సుయ్యిమంటుంది.

ఇప్పుడు చేతికింద ఉన్నది నల్ల చకుముకి రాయి. ఎక్కడిదో దూరపు కొండది. మూడు వందల నలభై కోట్ల ఏళ్ళ నాటిదని విభాగం నడిపే పెద్దసారు లెక్క. ఆ కాలంలో ఆకు లేదు, పురుగు లేదు, చూడ్డానికి కన్నంటూ ఏదీ లేదు. లోతు లేని వెచ్చని నీళ్ళ అడుగున కంటికి ఆనని జీవాలు పాచిలా పరుచుకుని ఉండేవట. అవి చేసిన పనల్లా ఎండ తినడం, ఒకదాన్నొకటి పట్టుకోవడం, పైపొర కింద చచ్చి పడి ఉండడం. వాటిని రాయి చుట్టుముట్టి బిగించేసింది. వాటి ఆనవాలు ఎవరికైనా కనబడాలంటే, మధ్యలో ఈయన చెయ్యి ఉండాలి.

వచ్చిన చిక్కు కూడా ఆ చేతితోనే.

మూడు వారాల కిందట ఇదే రాతిముక్కతో ఆయన చేసిన ఒక స్లైడులో పెద్దసారుకి పూసల దండల్లాంటివి కనిపించాయి. గోధుమరంగు పూసలు, వరసగా, వంపు తిరిగి. ఇంత పాత రాతిలో ఇంత స్పష్టంగా ఎవరూ చూడలేదని సారు ఆ పూట టీ మానేశారు. మర్నాటికి ఆ బొమ్మ తలుపంత పెద్దదై వరండాలో వేలాడింది. విభాగమంతా మిఠాయి తిన్నారు. ఈయన కూడా ఒకటి నోట్లో వేసుకుని, చేతులు తుడుచుకుంటూ ఆ బొమ్మ ముందు నిలబడ్డాడు. నిలబడ్డవాడు నమలడం ఆపేశాడు. ఇంట్లో పాలు తాగి తిరిగే పిల్లిని ఊరేగింపులో పులి వేషంలో చూసినట్టయింది. వాటిని ఆయన ఎరుగును.

గదికి పోయి కడిగే తట్ట అంచున ఉన్న పచ్చని జిడ్డు ఒక చుక్క తీసి, తన పాత మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. పూసలే. వరసగా, వంపు తిరిగి. ఇవి పచ్చగా ఉన్నాయి, అంతే తేడా. వేడిపలక మీద పెట్టి దించితే గోధుమరంగుకి తిరిగి ఆ తేడా కూడా పోయింది.

అరగదీసిన స్లైడుని చివర స్పిరిట్టుతో కడిగి, ఆరాక, పైన పలుచని గాజుమూతని వేడిపలక మీద జిగురుతో అంటించాలి. ఆ వారం స్పిరిట్టు లేదు. అంతకు రెండు నెలల ముందే స్పిరిట్టు కావాలని కాగితం పెట్టాడు. స్టోరు గుమాస్తా దాని మీద "దేనికి?" అని ఒక్క మాట రాసి తిప్పి పంపాడు. "రాళ్ళు కడగడానికి" అని జవాబు రాస్తే, "రాళ్ళు నీళ్ళతో శుభ్రపడవా?" అని మళ్ళీ వచ్చింది. స్వయంగా వెళ్ళి అడిగితే గుమాస్తా కళ్ళజోడు పైనుంచి చూసి, "స్పిరిట్టు మీరు రాయికి పట్టిస్తారో, మీరే పట్టిస్తారో నాకేం తెలుసు?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఈయన తిరిగొచ్చి, పంతానికి, తట్టలో నీళ్ళతోనే కడిగి మూత వేసేశాడు. ఒక్కటంటే ఒక్క స్లైడు. ముప్ఫై రెండేళ్ళలో పంతానికి చేసిన పని అదొక్కటే.

ఆ స్లైడు ఇప్పుడు పెద్దసారు బీరువాలో తాళంలో ఉంది. రేపు పొద్దున పెద్ద సభ. ఊళ్ళూ దేశాలూ దాటి వచ్చినవాళ్ళ ముందు సారు ఆ బొమ్మ చూపించి, భూమ్మీద మొదటి ప్రాణం ఇదీ అని చెప్పబోతున్నారు. చూపించబోయేది తన తట్టలో పాచిని. మూడు వారాలుగా ఈ మాట ఎవరికి చెప్పబోయినా గొంతు దాటేలోపు అవతలివాళ్ళు మెచ్చుకోవడం మొదలెడుతున్నారు.

నిన్న భార్యకి చెప్పాడు. ఆవిడ బడికి వెళ్ళింది ఐదేళ్ళే. ఎలా చెప్పాలో తెలియక కిటికీ దగ్గరికి పిలిచాడు.

"ఇదిగో, ఒక కన్ను మూసుకుని అద్దం మీద ఈగని చూడు. చూశావా? ఇప్పుడు దాని వెనకాల చెట్టుని చూడు. ఈగ ఏమైంది?"

"మసకేసింది."

"మళ్ళీ ఈగని చూడు. చెట్టు?"

"చెట్టు మసకేసింది. అయితే?"

"రెండూ ఒకేచోట ఉన్నట్టు కనిపిస్తాయి. కానీ ఒకసారికి ఒకటే తేటగా కనిపిస్తుంది. ఈగ చెట్టు మీద లేదు కనుక. మైక్రోస్కోపు మర తిప్పినా అంతే. పూసలు తేటగా ఉన్నప్పుడు రాతి పలుకులు మసక. రాయి తేటగా ఉంటే పూసలు మసక. అవి రాతిలో లేవు, పైన జిగురులో ఉన్నాయి."

ఆవిడ రెండుసార్లు కన్ను మార్చి చూసింది. "అంటే, అద్దం మీద ఈగని చూసి చెట్టు మీద పిట్ట అంటున్నారా మీ సారు?"

"అంతే."

"మరి అద్దం తుడిచి చూడొచ్చుగా?"

అందుకే ఇవాళ ఈ ముక్క. ఆ రాతిలో మిగిలింది గోరంత. దాన్ని నిన్ననే కోసి, అంటించి, ఇవాళ తెల్లవారుజాము బస్సుకే వచ్చి అరగదీయడం మొదలెట్టాడు. స్పిరిట్టు ఎదురుగా మందుల దుకాణంలో తనే కొనుక్కున్నాడు. ఈసారి దేనికని ఎవరూ అడగలేదు.

సుయ్యిమంది. ఆపాడు. కడిగాడు, ఆరబెట్టాడు, మూత అంటించాడు. మూల మీద సన్నని పెన్నుతో తేదీ వేశాడు.

*

పరిశోధన చేసే అమ్మాయి పదిగంటలకి వచ్చింది. నాలుగేళ్ళుగా ఈ రాళ్ళతోనే ఉంది. బీరువా తాళం ఆమె దగ్గర ఉంటుంది.

"అమ్మాయ్, ఒక్క ఐదు నిమిషాలు. ఆ స్లైడు, ఇది, పక్కపక్కన పెట్టి చూడు."

"బాబాయ్, రేపు సభ పెట్టుకుని ఇవాళా? సారు బొమ్మలకి అక్షరాలు దిద్దమన్నారు."

"ఐదంటే ఐదే. తర్వాత నీ ఇష్టం."

ఆమె నిట్టూర్చి తాళం తీసింది. ముందు కొత్తది పెట్టింది. చాలాసేపు పలకని జరిపింది. పూసలు లేవు. సన్నని నల్లచారలు మాత్రం ఉన్నాయి. దువ్వెన పళ్ళ మధ్య మిగిలిపోయిన మకిలిలా, అలలు అలలుగా, రాతిలోకి దిగి. పేరూ ఆకారమూ లేనివి. అసలువి ఏవైనా ఉంటే అవి ఇవే కావచ్చునని ఆయనకి ఎన్నేళ్ళుగానో అనుమానం. వాటి బొమ్మని వరండాలో ఎవరూ వేలాడదీయరు.

"ఇందులో పడలేదంతే. అన్ని ముక్కల్లోనూ ఉండాలనేముంది?" అంది.

"సరే. ఇప్పుడు పాతది పెట్టు. పూసల్ని తేటగా పెట్టుకుని, పక్కన రాతి పలుకుల్ని చూడు."

పెట్టింది. మర తిప్పింది. ఆగింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకి. ఆమె మెడ మీద చెమట చుక్క పుట్టి, కిందికి జారి, చున్నీలోకి ఇంకడం ఆయన చూశాడు. మర ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంది. విషయం ఆ పిల్ల చేతికి తెలిసిపోయింది. నోటిదాకా రావడం లేదు.

"నేను సారుకి చెప్తాను బాబాయ్," అంది చివరికి, కళ్ళెత్తకుండానే. "కానీ వీలు చూసుకుని. ఇవాళ కాదు."

"రేపు సభ."

"తెలుసు. నా నాలుగేళ్ళు కూడా అందులోనే ఉన్నాయి."

ఆయన కొత్త స్లైడుని కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆమె పాతదాన్ని బీరువాలో పెట్టి రెండుసార్లు తాళం లాగి చూసింది.

*

పెద్దసారు గది బయట గంటన్నర నిలబడ్డాడు. లోపలికి పూలకుండీలు వెళ్ళాయి, కుర్చీలు వెళ్ళాయి, ఫొటోగ్రాఫరు వెళ్ళాడు. భోజనం వేళ దాటాక చివరికి ఈయన వెళ్ళాడు.

"రండి రండి. మిమ్మల్నే తలుచుకుంటున్నా," అన్నారు సారు. "రేపు సభలో మీ గురించి ఒక మాట చెప్తాను. ఆ చెయ్యే లేకపోతే మేమంతా గుడ్డివాళ్ళమని."

"సార్, అది కాదు. ఆ పూసలు రాతిలోవి కావు. నేను స్పిరిట్టు లేక తట్టలో నీళ్ళతో కడిగాను. ఆ పాచి మూత కింద ఉండిపోయింది."

సారు ఆయన్ని కాసేపు ప్రేమగా చూశారు. తర్వాత నవ్వారు.

"ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను మిమ్మల్ని. ఎవరైనా మెచ్చుకుంటే చాలు, ఏదో ఒక తప్పు నెత్తిన వేసుకుని పక్కకి తప్పుకుంటారు. ఇంత వినయం మంచిది కాదు."

"వినయం కాదు సార్, పాచి."

ఫోను మోగింది. సారు రిసీవరు చెవికి ఆనించుకుని, రెండో చేత్తో ఆయన భుజం తట్టారు. ఆ దిగిపోయిన భుజాన్నే. "ఏదన్నా ఉంటే రాసివ్వండి. ఆఫీసులో ఇవ్వండి, ఫైల్లో పెట్టుకుందాం."

ఆయన గదికి వచ్చి రాశాడు. రాత ఆయనకి అరగదీయడంకన్నా కష్టం. ఏ తేదీన, దేనితో కడిగాడో, పూసలు ఏ లోతులో ఉన్నాయో, ఈ మాట సారుకి నోటితో కూడా చెప్పానని, ఇవాళ చేసిన కొత్త పొరలో అవి లేవని, రెండూ పక్కపక్కన పెట్టి చూశామని. 'చూశామని' కొట్టేసి 'చూశానని' దిద్దాడు. ఆ పిల్ల పేరు ఎందుకు, పాపం.

ఆఫీసు గుమాస్తా కాగితం రెండుసార్లు చదివి, కంప్యూటరులో ఏదో వెతికాడు.

"ఏ తేదీ అన్నారు ఇందులో? ఆ రోజు మీరు గైర్హాజరు."

"నేనొచ్చాను. గేటు దగ్గర యంత్రం నా వేలు పట్టలేదు. తరచూ పట్టదు. పట్టనిరోజు కావలివాడి పుస్తకంలో సంతకం పెట్టి వస్తున్నాను."

"ఆ పుస్తకం మా లెక్కలోకి రాదు. యంత్రం పట్టకపోతే రానట్టే."

ఆ యంత్రంతో ఆయనకి ఏడాదిగా గొడవ. వేలు తడిపి పెట్టినా, తుడిచి పెట్టినా, తలకి రుద్ది పెట్టినా, లోపలినుంచి ఒక ఆడగొంతు "మళ్ళీ ప్రయత్నించండి" అంటుంది. ఈ ఉద్యోగంలో తనతో ఇంత మర్యాదగా మాట్లాడింది అదొక్కతేనని కావలివాడితో అంటుంటాడు.

"స్లైడు మీద నా చేత్తో రాసిన తేదీ ఉంది," అన్నాడు.

"చేతిరాత ఎవరైనా దించేయొచ్చు. ఒకరి వేలిముద్ర ఇంకొకరు వెయ్యలేరు. అందుకేగా దాన్ని పెట్టింది." గుమాస్తా కాగితం ఇవతలికి తోశాడు. "మీ మంచికే చెప్తున్నా. పనికి రానిరోజు తప్పు చేశానని రాసిస్తే నేనెలా తీసుకోను? రేపు ఎవరైనా తిరగేస్తే నా మెడకి చుట్టుకుంటుంది."

"మరి ఆ తప్పు ఎవరు చేసినట్టు?"

"ఎవరూ చెయ్యనట్టు. హాయిగా ఇంటికెళ్ళండి."

ఆయన కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు. నాలుగో మడత సరిగ్గా కుదరలేదు. విప్పి మళ్ళీ పెట్టాడు. ఒళ్ళంతా మండుతోంది, ఆ మంటకి ఏ బొక్కలోంచీ బయటికి దారి లేదు. గట్టిగా అరవాలనిపించింది. ఏమని అరవాలో తెలియలేదు. పనికి రాలేదంటే వచ్చానని అరవొచ్చు. తప్పు చేశానంటే చెయ్యలేదంటున్నవాళ్ళ మీద ఏమని అరుస్తాడు?

గదికి వచ్చి, రంపపు చక్రం తుడిచి, కడిగే తట్టని బోర్లించి, దాని అడుగున ఉన్న పచ్చదనాన్ని ఇసకతో పట్టుగా తోమాడు. వేలి కణుపు చీరుకుపోయేదాకా తోమాడు. భోజనం డబ్బా తెరవకుండానే సంచిలో వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర యంత్రం మీద బొటనవేలు పెట్టాడు. మళ్ళీ ప్రయత్నించండి అంది. పెట్టలేదు.

సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఎండ ఏటవాలుగా పడి అద్దం మీద మరకలన్నీ వెలిగాయి. మరకల వెనక ఇళ్ళు, దుకాణాలు, దారినపోయే మనుషులు. ఆయన ఒక కన్ను మూసుకుని మరకల్ని చూశాడు, తర్వాత మనుషుల్ని చూశాడు. పక్కసీటు మనిషి ఈయన్ని వింతగా చూసి తన స్టాపులో దిగిపోయాడు. కాసేపటికి రెండో కన్ను కూడా మూతపడింది.

చివరి స్టాపులో అందరూ దిగారు. ఆయన దిగలేదు. కండక్టరు భుజం తట్టి లేపబోయాడు. గుండె ఆగి రెండు మూడు స్టాపులై ఉంటుందని ఆస్పత్రిలో అన్నారు. చేతిలో సంచి అలాగే ఉంది, డబ్బాలో అన్నం అలాగే ఉంది.

*

ఐదో రోజు సాయంత్రం పెద్దసారు వచ్చారు. వెనకాల విభాగం నుంచి ఇద్దరు, పరిశోధన చేసే అమ్మాయి. ముందుగదిలో కుర్చీలు చాలక మేడమీదావిడ తన ఇంటినుంచి రెండు తెచ్చి వేసి, గుమ్మం దగ్గరే నిలబడింది. సారు కూర్చోలేదు. కాగితం చుట్టిన పెద్ద పటం ఒకటి తెచ్చారు. విప్పి, గోడకి ఆనించి నిలబెట్టారు.

"ఇది మీ ఆయన చేతిలోంచి వచ్చిందమ్మా. భూమ్మీద మొదటి ప్రాణం. సభలో చూపిస్తే అంతా లేచి నిలబడ్డారు. కింద ఆయన పేరు కూడా వేయించాను చూడండి." ఆయన గొంతు నిజంగానే బొంగురుపోయింది. "అంత పనిమంతుణ్ణి, అంత వినయం గలవాణ్ణి నేను చూడలేదు."

ఆవిడ పటాన్ని దగ్గరికి వెళ్ళి చూసింది. పూసలు. వరసగా, వంపు తిరిగి.

"ఇవి ఆ తట్టలోవే కదూ," అంది.

సారుకి అర్థం కాలేదు. ఆవిడ లోపలికి వెళ్ళి, చొక్కా జేబులో దొరికినవి తెచ్చి ముక్కాలిపీట మీద పెట్టింది. నాలుగు మడతల కాగితం, చుట్టు విప్పిన స్లైడు. సారు కాగితం తీసుకుని నిలబడే చదివారు. చదవడం అయ్యాక మొదటి వరసకి పోయి మళ్ళీ చదివారు. పరిశోధన చేసే అమ్మాయి కాగితం వైపు చూడలేదు. తన చెప్పుల వైపు చూసుకుంటోంది. అందులో తన ఊసు లేదని ఆమెకి తెలియదు.

"ఈ సంగతి ఆయన నాకు ముందే సరిగ్గా చెప్పి ఉంటే..." అన్నారు సారు, ఎవరినీ ఉద్దేశించకుండా.

"చెప్పారు," అంది ఆవిడ. "మీరు ఈగని చూస్తూ కూర్చున్నారు."

మేడమీదావిడ చూపు కిటికీ అద్దం మీదికి పోయి, మళ్ళీ గదిలోకి వచ్చింది. ముక్కాలిపీట మీద గాజుపలక వెలుగులో తళుక్కుమంటోంది. మధ్యలో గోరంత నల్లరాయి, ఒక మూల తేదీ, అంచున బొటనవేలి మరక ఒకటి. ఒక్క గీతయినా లేకుండా, నున్నగా.